పాల చక్కెరను విరిచే ఎంజైము, నీలి రంగు సాక్ష్యం

నీలిమందు తొట్టిలో ముంచిన నూలు చిలపను పైకి తీసిన క్షణంలో చూస్తే అది నీలంగా ఉండదు. పసుపు కలిసిన పచ్చ రంగులో ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ, చూస్తుండగానే నీలానికి తిరుగుతుంది. పోచంపల్లి, పుట్టపాక వైపు సహజ రంగులతో పనిచేసేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఇప్పుడక్కడి మగ్గాల మీద నడిచేది ఎక్కువగా రసాయన రంగుల నూలే అనుకోండి.

అసలు విచిత్రం అంతకు ముందు, ఆకును నానబెట్టే దశలో జరుగుతుంది. నీలి ఆకులో నీలం ఉండదు. ఉండేది ఇండికాన్ అనే రంగులేని పదార్థం. అందులో ఇండాక్సిల్ అనే అణువు ఒక గ్లూకోజ్‌కు అతుక్కుని ఉంటుంది. ఆకు నీళ్లలో నానుతుంటే ఎంజైములు ఆ గ్లూకోజ్‌ను తెంపేస్తాయి. విడిపోయిన ఇండాక్సిల్‌కు గాలి తగిలి, రెండేసి అణువులు జతకట్టి నీలిమందు అవుతుంది. చక్కెర ముడి ఊడితేనే రంగు పుడుతుందన్నమాట.

1964లో అమెరికా రసాయన శాస్త్రవేత్త జెరోమ్ హార్విట్జ్ బృందం ఇదే కిటుకును ప్రయోగశాలకు తెచ్చింది. గ్లూకోజ్ స్థానంలో గాలక్టోజ్ పెట్టి, ఇండాక్సిల్‌కు ఒక బ్రోమిన్, ఒక క్లోరిన్ తగిలించి ఎక్స్-గాల్ అనే పదార్థాన్ని తయారు చేసింది. (ఎయిడ్స్‌కు మొదటి మందుగా తర్వాత పేరొచ్చిన ఏజెడ్‌టీని తయారు చేసింది కూడా ఈ హార్విట్జే, అదీ 1964లోనే.) ఎక్స్-గాల్‌కు రంగు లేదు. దాని గాలక్టోజ్ ముడిని విప్పే ఎంజైము తగిలితే మాత్రం ముదురు నీలం వస్తుంది. ఆ నీలం నీటిలో కరగదు, పుట్టినచోటే అంటుకుని ఉండిపోతుంది. ముడి విప్పే ఆ ఎంజైము పేరు బీటా గాలక్టోసిడేజ్. ప్రయోగశాలల్లో ముద్దుగా బీటా గాల్ అంటారు.

పాలలోని చక్కెరను విరవడం దానికి పుట్టుకతో వచ్చిన పని. పరిశోధకులు అప్పజెప్పిన పని వేరు. కణం లోపల కంటికి కనబడని సంగతి ఒకటి జరిగిందా లేదా అన్నదానికి అది రంగుతో సాక్ష్యం చెప్పాలి. సాక్షి దొరికాడు సరే, వాడి మాట ఎంతవరకు నమ్మాలి అన్న దగ్గరే ఈ ఎంజైము కథలో ఆలోచించాల్సింది ఎక్కువగా ఉంది.

పని దొరికితేనే కూలీ

పాలలో నూటికి సుమారు 5 పాళ్లు లాక్టోజ్ ఉంటుంది. ఒక గ్లూకోజ్, ఒక గాలక్టోజ్ కలిస్తే లాక్టోజ్. ఆ రెంటినీ కలిపే బంధాన్ని నీటి సాయంతో తెంపేది బీటా గాల్. మన పేగుల్లో కాపురముండే ఇ.కోలి బ్యాక్టీరియాలోని బీటా గాల్‌ను శాస్త్రవేత్తలు అన్నిటికంటే ఎక్కువ చదివారు. దాని జన్యువు పేరు లాక్-జెడ్. ఎంజైములోని ఒక్కో గొలుసులో 1,023 అమైనో ఆమ్లాలుంటాయి. అలాంటి గొలుసులు నాలుగు కలిస్తేనే ఎంజైము పనిచేస్తుంది. మన ఒంట్లోని ఇన్సులిన్‌లో మొత్తం 51 అమైనో ఆమ్లాలే అని గుర్తు చేసుకుంటే ఇదెంత భారీ మనిషో అర్థమవుతుంది.

ఈ ఎంజైము వెలుగులోకి రావడానికి కారణం ఒక చిన్న విరామం. పారిస్‌లో జాక్ మొనో అనే యువకుడు బ్యాక్టీరియాకు రెండు చక్కెరలు కలిపి పెట్టి, అవి ఎలా పెరుగుతున్నాయో గ్రాఫు గీస్తున్నాడు. 1941లో సమర్పించిన ఆయన పరిశోధన ఈ పెరుగుదల మీదే. గ్లూకోజ్, లాక్టోజ్ కలిపి పెడితే బ్యాక్టీరియా ముందు గ్లూకోజ్ మొత్తం తినేస్తుంది. తర్వాత కాసేపు పెరుగుదల ఆగిపోతుంది. ఆపైన లాక్టోజ్ మొదలుపెడుతుంది. ఇంట్లో అన్నం వండి ఉండగా జొన్నలు విసిరి రొట్టె చేసుకునే ఓపిక ఎవరికుంటుంది? అన్నం అయిపోయాకే ఆ తిప్పలు. మొనో చూసిన ఆ విరామం సరిగ్గా రొట్టెకు పిండి విసురుకునే సమయం. ఆ సమయంలో కణం కొత్తగా బీటా గాల్‌ను తయారు చేసుకుంటోంది.

లాక్టోజ్ లేనప్పుడు ఒక్కో కణంలో ఈ ఎంజైము అణువులు చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. లాక్టోజ్ ఒక్కటే తిండి అయినప్పుడు వేలల్లోకి వెళ్తాయి. పాలమూరు మేస్త్రి పని ఖాయమైతే తప్ప కూలీలను బండెక్కించడు కదా, ఊరికే కూర్చోబెట్టి ఎవరికి తిండి పెడతాడు? కణం లెక్క కూడా అదే. ఇంత పెద్ద ప్రోటీన్‌ను ఊరికే తయారు చేసి పెట్టుకోవడం దండగ ఖర్చు.

మరి పని వచ్చిందని కణానికి ఎవరు చెబుతారు? పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మొనో, ఫ్రాన్స్వా జాకబ్ ఈ ప్రశ్న పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చున్నారు. అమెరికా నుంచి వచ్చిన ఆర్థర్ పార్డీతో కలిసి చేసిన ప్రయోగం 1959లో అచ్చయింది. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి దానికి పజామో ప్రయోగం అని పేరు పెట్టారు. తోటివాళ్లు నవ్వుతూ పైజామా ప్రయోగం అనేవాళ్లు. ఎంజైము జన్యువు గానీ, దాన్ని అదుపు చేసే జన్యువు గానీ సరిగా పనిచేయని బ్యాక్టీరియాలోకి ఆ రెండు జన్యువులూ బాగున్న డీఎన్‌ఏను పంపించారు. నిమిషాల్లోనే ఎంజైము తయారీ మొదలైంది. కొంతసేపటికి, లాక్టోజ్ లాంటి ప్రేరకం లేకపోతే, తయారీ ఆగిపోయింది. అంటే తయారీకి అనుమతి ఇచ్చేవాడెవడూ లేడు. అడ్డుపడేవాడు ఒకడున్నాడు. వాడు కణంలో పోగుపడే దాకా పని సాగింది, పోగుపడగానే ఆగింది.

1961లో జాకబ్, మొనో మొత్తం చిత్రాన్ని విడమరిచి రాశారు. లాక్టోజ్‌కు సంబంధించిన మూడు జన్యువులు పక్కపక్కనే ఒక వరుసలో ఉంటాయి. వరుస మొదట్లో డీఎన్‌ఏ మీద ఒక కాపలా ప్రోటీన్ కూర్చుని దారి మూసేస్తుంది. లాక్టోజ్ వస్తే కాపలా పక్కకు తప్పుకుంటుంది. జన్యువులు స్విచ్చుల్లా తెరుచుకుని మూసుకుంటాయన్న ఆలోచనకు ఇదే పునాది. దీనికి జాకబ్, మొనో, ఆండ్రే ల్వోఫ్‌లకు 1965లో నోబెల్ వచ్చింది. ఆ కాపలా ప్రోటీన్‌ను 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ విడదీసి చేతికి చూపించారు.

ఇందులో ఓ మెలిక ఉంది, పాఠ్యపుస్తకాలు తొందరలో దాటేస్తుంటాయి. కాపలాను నిజంగా తప్పించేది లాక్టోజ్ కాదు. దాన్ని కాస్త మార్చితే వచ్చే అల్లోలాక్టోజ్. ఆ మార్పు చేసేది మళ్లీ బీటా గాలే. అంటే ఎంజైము తయారీ మొదలు కావాలంటే ముందే కాస్త ఎంజైము ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు కూడా కణం ఆ నాలుగైదు అణువులను ఎందుకు ఉంచుకుంటుందో ఇప్పుడు తెలుస్తుంది. తిండికి ఎంత కరువొచ్చినా విత్తనాల గింజలు కదపని రైతు లెక్క అది. ప్రయోగశాలలో మాత్రం ఈ చిక్కు లేకుండా ఐపీటీజీ అనే నకిలీ ప్రేరకం వాడతారు. బీటా గాల్ దాన్ని విరవలేదు, కణం దాన్ని తినలేదు. కాపలాను తప్పించడం ఒక్కటే దాని పని. అందుకే అది అయిపోకుండా మొదట వేసిన మోతాదులోనే చివరిదాకా ఉంటుంది.

ఈ పరిశోధనంతా ఇంత సాఫీగా సాగిందంటే ఎంజైమును కొలవడం సులువు కావడమే కారణం. 1950లో జాషువా లెడర్‌బర్గ్ ఓఎన్‌పీజీ అనే రంగులేని పదార్థాన్ని వాడి చూపించాడు. బీటా గాల్ దాన్ని విరిస్తే పసుపు రంగు వస్తుంది. ఎంత ఎంజైము ఉంటే అంత త్వరగా అంత ముదురు పసుపు. సోడియం కార్బొనేట్ పోసి చర్యను ఆపి, 420 నానోమీటర్ల కాంతిలో ఎంత పసుపు వచ్చిందో చదవడమే. 1972లో జెఫ్రీ మిల్లర్ ఈ లెక్కకు ఒక సూత్రం ఖరారు చేశాడు. ఇప్పటికీ ఫలితాలను మిల్లర్ యూనిట్లలోనే రాస్తారు. పసుపు కొలవడానికి, నీలం చూడడానికి. ఈ తేడా తెలిస్తే సగం ప్రాక్టికల్ అర్థమైనట్టే.

తెల్లవి ఏరుకోవాలి

నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల్లో బయోటెక్నాలజీ చదివే విద్యార్థికి బీటా గాల్ ఎక్కువగా పరిచయమయ్యేది, కొత్త జన్యువు చేరిన బ్యాక్టీరియాను రంగుతో ఏరే నీలం-తెలుపు పరీక్షలో. పరీక్షల ముందు టెన్షన్ పెట్టే ప్రశ్న కూడా ఇదే: పళ్లెంలో ఒక్కో కణం నుంచి పెరిగే గుంపుల్లో, అంటే కాలనీల్లో, మనకు కావాల్సింది నీలివా, తెల్లవా?

దీని వెనక కథ 1967 నాటిది. ఆగ్నెస్ ఉల్మాన్, జాకబ్, మొనో ఒక వింత గమనించారు. బీటా గాల్ గొలుసు మొదట్లో చిన్న ముక్క లేకుండా తయారైతే ఎంజైము పనిచేయదు. నాలుగు గొలుసులు కలిసి నిలబడాల్సిన చోట రెండే కలిసి ఆగిపోతాయి. కానీ ఆ చిన్న ముక్కను విడిగా తెచ్చి కలిపితే, రెండూ అతుక్కుని ఎంజైము మళ్లీ పని మొదలుపెడుతుంది. విరిగిన కాడికి ముక్క పెట్టి కట్టినట్టు. దీన్ని ఆల్ఫా కాంప్లిమెంటేషన్ అంటారు.

జోకిమ్ మెస్సింగ్ దీన్ని జన్యు ఇంజనీరింగ్‌కు పనిముట్టుగా మలిచాడు. ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం. 1980ల మొదట్లో వచ్చిన పీయూసీ ప్లాస్మిడ్లలో ఆ చిన్న ముక్క తాలూకు డీఎన్‌ఏను పెట్టారు. దాని మధ్యలోనే కొత్త జన్యువును చేర్చే స్థలం కల్పించారు. పెద్ద ముక్క డీహెచ్5 ఆల్ఫా లాంటి బ్యాక్టీరియా రకాల్లో ముందే ఉంటుంది. ప్లాస్మిడ్ ఖాళీగా వెళ్తే రెండు ముక్కలూ కలిసి ఎంజైము తయారవుతుంది, ఎక్స్-గాల్ విరుగుతుంది, కాలనీ నీలం. మనం చేర్చిన జన్యువు మధ్యలో దూరితే చిన్న ముక్క చెడిపోతుంది, ఎంజైము ఉండదు, కాలనీ తెలుపు. కాబట్టి ఏరుకోవాల్సింది తెల్లవి. రంగు రాకపోవడమే ఇక్కడ శుభవార్త.

అయితే రంగు రాలేదన్న సాక్ష్యం ఎప్పుడూ బలహీనమైనదే. ఎంజైము లేకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. ప్లాస్మిడ్‌ను కత్తిరించి అతికించేటప్పుడు డీఎన్‌ఏలో ఒకటి రెండు అక్షరాలు పోయినా చిన్న ముక్క చెడిపోతుంది, లోపల కొత్త జన్యువు లేకపోయినా కాలనీ తెల్లగానే ఉంటుంది. కొన్ని బ్యాక్టీరియా రకాల్లో ఐపీటీజీ వేయడం మరిచిపోయినా, ఎక్స్-గాల్ వెలుతురులో పడి పాడైపోయినా పళ్లెం నిండా తెల్లవే. ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందు కలిపిన పళ్లేల మీద పెద్ద కాలనీ చుట్టూ ముత్యాల్లా పుట్టుకొచ్చే బుల్లి కాలనీలు మరో మోసం. ప్లాస్మిడ్ లేకపోయినా, పెద్ద కాలనీ మందును విరగ్గొట్టినచోట అవి బతికేస్తాయి. ఇక చేర్చిన జన్యువు చిన్నదై, చదవాల్సిన వరుస తప్పకుండా కుదిరితే ఎంజైము కొంత పనిచేస్తూ లేత నీలం వస్తుంది. తెల్లవే కావాలని పట్టుబట్టిన విద్యార్థి అసలు దొరికినదాన్ని చెత్తబుట్టలో వేసే అవకాశం ఇక్కడ ఉంది.

పళ్లేన్ని కొన్ని గంటలు ఫ్రిజ్‌లో పెడితే నీలం ముదురుతుంది, లేత నీలానికీ తెలుపుకీ తేడా అప్పుడు తేలుతుంది. ఆ తర్వాత కూడా ప్లాస్మిడ్ బయటికి తీసి కత్తిరించి చూడకుండా, లేదా కావాల్సిన డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు తీసి చూసే పీసీఆర్ చేయకుండా తెల్ల కాలనీని నమ్మకూడదు. రంగు చేసేది వడపోత మాత్రమే, తీర్పు కాదు. రికార్డు పుస్తకంలో పళ్లెం బొమ్మ గీసి మార్కులు వేయించుకునే పద్ధతిలో ఈ సంగతి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు, అది వేరే గొడవ.

తోకకు కట్టిన ఇన్సులిన్

షుగర్ జబ్బు లేని ఇల్లు వెతకాల్సిన రోజుల్లో, మనిషి ఇన్సులిన్‌ను బ్యాక్టీరియాలో మొదటిసారి తయారు చేసినప్పుడు బీటా గాల్ చేసిన సాయం చెప్పుకోవాలి. చిన్న ప్రోటీన్లను ఇ.కోలి కణం పరాయి సరుకుగా భావించి ముక్కలు చేసేస్తుంది. దానికి విరుగుడుగా ఆ చిన్న ప్రోటీన్‌ను బీటా గాల్ గొలుసు చివరికి అతికించారు. ఏనుగు తోకకు కట్టిన గంటను ఎవరు లాగగలరు? 1977లో కీచీ ఇటకురా బృందం సొమాటోస్టాటిన్ అనే బుల్లి హార్మోన్‌ను ఇలా తయారు చేసింది. తర్వాత ఇన్సులిన్‌లోని రెండు గొలుసులనూ విడివిడిగా బీటా గాల్‌కు తగిలించి తయారు చేయించారు. సయానోజెన్ బ్రోమైడ్‌తో కోసి, రెంటినీ కలిపారు. అది 1979లో అచ్చయింది. 1982లో బ్యాక్టీరియా తయారు చేసిన మనిషి ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. అమ్మకానికి చేసే తయారీలో పద్ధతులు తర్వాత మారాయి, కానీ తొలి అడుగు పడింది ఈ ఎంజైము వీపు మీదే.

కణాల్లో నీలం

ఇక్కత్ చీరలో ఎక్కడ రంగు పడాలో మగ్గం ఎక్కకముందే తేలిపోతుంది. దారాన్ని బిగించి కట్టినచోట రంగు ఎక్కదు, వదిలినచోట ఎక్కుతుంది. ప్రాణి ఎదుగుతున్నప్పుడు జన్యువుల పరిస్థితీ ఇలాంటిదే. ప్రతి కణంలో అన్ని జన్యువులూ ఉన్నా, ఏ జన్యువు ఎక్కడ తెరుచుకుంటుందో స్విచ్చుల అమరికే నిర్ణయిస్తుంది. ఆ అమరికను కంటికి చూపించడానికి లాక్-జెడ్‌ను వాడుకున్నారు. తెలుసుకోవాల్సిన జన్యువు స్విచ్చు వెనక లాక్-జెడ్‌ను పెడతారు. స్విచ్చు తెరుచుకున్న కణాల్లో బీటా గాల్ తయారవుతుంది. ఎక్స్-గాల్ పోస్తే అవే నీలమవుతాయి. ఇలా పనిచేసేదాన్ని రిపోర్టర్ జన్యువు అంటారు.

1987లో కాహిర్ ఒ'కేన్, వాల్టర్ గేరింగ్ పండ్ల ఈగల్లో ఈ పద్ధతితో ఎక్కడెక్కడ ఏ స్విచ్చులున్నాయో వెతికారు. ఎలుకల్లో 1991లో ఫిలిప్ సొరియానో ప్రయోగశాలలో లాక్-జెడ్‌ను ఇష్టమొచ్చినచోట దూరనిచ్చినప్పుడు దొరికిన రోసా26 అనే స్థానం, పిండమంతా నీలంగా మారడం వల్ల అందరి కళ్లలో పడింది. ఈ రోజు కూడా ఎలుకల్లో కొత్త జన్యువు పెట్టాలంటే చాలామంది వెతికే చోటు అదే.

ఎలుక కణాల్లో వాటి సొంత బీటా గాల్ కూడా ఉంటుంది కదా, మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది? దానికి ఆమ్లత్వమే దారి. దాని కొలత పీహెచ్, అంకె తగ్గిన కొద్దీ పులుపు ఎక్కువ. జంతు కణాల్లోని ఎంజైము లైసోజోమ్ అనే పులుపు సంచుల్లో, పీహెచ్ 4 నుంచి 4.5 దగ్గర బాగా పనిచేస్తుంది. బ్యాక్టీరియా ఎంజైముకు పీహెచ్ 7 దాటిన నీరు కావాలి. ద్రావణం పీహెచ్ సరిగా పెడితే సొంతది నిద్రపోతుంది, పెట్టినది మాట్లాడుతుంది. పీహెచ్ కాస్త కిందికి జారినా ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. అందుకే లాక్-జెడ్ పెట్టని ఎలుకను పక్కన పెట్టుకుని, అదే ద్రావణంలో నానబెట్టకుండా ఏ నీలాన్నీ లెక్కలోకి తీసుకోకూడదు.

విచిత్రంగా, ఈ గందరగోళంలోంచే ఇంకో పరీక్ష పుట్టింది. ముసలివైపోయి ఇక విభజన చెందని మానవ కణాలు పీహెచ్ 6 దగ్గర కూడా నీలమవుతాయని 1995లో గుర్తించారు. వృద్ధాప్య పరిశోధనలో ఇది బాగా వాడుకలోకి వచ్చింది. నిజానికి వృద్ధాప్యానికంటూ ప్రత్యేక ఎంజైము ఏదీ లేదు. ముసలి కణాల్లో లైసోజోమ్‌లు పెరిగి, మామూలు ఎంజైమే మోతాదు మించిపోవడంతో, దానికి నచ్చని పీహెచ్ దగ్గర కూడా కొంత పని జరుగుతుంది. పళ్లెంలో కిక్కిరిసి ఎక్కువ రోజులున్న పడుచు కణాలు కూడా నీలం చూపిస్తాయి. అందుకే నీలం చూడగానే ముసలి కణం అని రాసేస్తే తప్పులో కాలేసినట్టే.

1994లో ఆకుపచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రోటీన్‌ను గుర్తుగా వాడొచ్చని మార్టిన్ చాల్ఫీ చూపించాక లాక్-జెడ్ జోరు తగ్గింది. ఎక్స్-గాల్‌తో రంగు చూడాలంటే మామూలుగా కణాలను చంపి స్థిరపరచాలి, జీఎఫ్‌పీకి ఆ బాధ లేదు. కానీ ఖరీదైన మైక్రోస్కోప్ లేని చోట నీలానిదే పైచేయి. అది మామూలు బల్బు వెలుతురులో కనబడుతుంది, రోజుల తరబడి చెదరదు.

పెరుగు, పాలు, మేనరికం

బీటా గాల్ అనే ఒకే పేరు కింద రెండు మూడు వేరు వేరు ఎంజైములు ఇరుక్కోవడంతో సామాన్య పాఠకులకు తికమక వస్తుంది. మనం తాగిన పాలను పేగులో అరిగించేది లాక్టేజ్. పెద్దయ్యాక చాలామందిలో అది తగ్గిపోతుంది, పాలు తాగితే కడుపు ఉబ్బరం వస్తుంది. అలాంటివాళ్లే పెరుగు, మజ్జిగ ఇబ్బంది లేకుండా తాగుతారు. తోడు పెట్టినప్పుడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే తినేస్తుంది. కొన్ని రకాల పెరుగు బ్యాక్టీరియాలు తమ బీటా గాల్‌ను పేగు దాకా మోసుకొచ్చి మిగతాది కూడా అరిగిస్తాయి. దుకాణాల్లో అమ్మే లాక్టోజ్ లేని పాలలో ఈస్టు, బూజు జాతుల నుంచి తీసిన బీటా గాల్ ముందే కలిపి ఉంచుతారు. ఆ పాలు కాస్త తియ్యగా ఉండడానికి కారణం చక్కెర కలపడం కాదు. విడిపోయిన గ్లూకోజ్, గాలక్టోజ్ రెండూ లాక్టోజ్ కంటే తియ్యనివి.

లైసోజోమ్‌లోని బీటా గాల్ వేరు, దాని జన్యువు పేరు జీఎల్‌బీ1. అది పనిచేయకపోతే నరాల కణాల్లో జీఎం1 అనే కొవ్వు పదార్థం పేరుకుపోతుంది. పసిపిల్లల్లో వచ్చే తీవ్రమైన రకంలో ఎదుగుదల వెనక్కి నడుస్తుంది, కాలేయం, ప్లీహం ఉబ్బుతాయి, కొందరిలో కంటి లోపల చెర్రీ రంగు మచ్చ కనబడుతుంది. అదే జన్యువులో వేరే రకం లోపాలుంటే ఎముకల జబ్బుగా బయటపడుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆరోగ్యంగా ఉండి, ఇద్దరిలోనూ చెడిపోయిన నకలు ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామ కూతురినో అక్క కొడుకునో ఇంటికి తెచ్చుకునే అలవాటు ఇంకా పోని పల్లెల్లో ఈ లెక్క తెలియడం అవసరం. ఇద్దరికీ ఒకే తాత నుంచి అదే చెడిన నకలు వచ్చే అవకాశం అక్కడే ఎక్కువ. నిర్ధారణకు బిడ్డ తెల్ల రక్తకణాల్లో ఈ ఎంజైము ఎంత పనిచేస్తోందో కొలుస్తారు. ఇక్కడ కూడా కిటుకు పాతదే, గాలక్టోజ్ ఊడితే మెరిసే పదార్థం ఒకటి పోసి మెరుపును కొలుస్తారు.

నీళ్ల సీసాలో రెండు ప్రశ్నలు

నల్లగొండలో నీళ్లనగానే మొదట గుర్తొచ్చేది ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల్లో వంకరపోయిన కాళ్లు ఆ నీటి చరిత్రను మోస్తున్నాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ ఈ జిల్లా పేరే పెట్టింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు. ఆ తర్వాత పైపుల్లో కృష్ణా నీళ్లు రావడం మొదలయ్యాక ప్రశ్న కొంత మారింది. లోతు బోర్ల నీటిలో ఫ్లోరైడ్ భయం ఎక్కువ. నది, రిజర్వాయర్ నీటిలో సూక్ష్మజీవుల భయం ఎక్కువ. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. పైగా నీరు ఆవిరై దాని పాలు పెరుగుతుంది.

సూక్ష్మజీవుల వైపు బీటా గాల్ నేరుగా పనిచేస్తుంది. మలంతో కలుషితమైన నీటికి గుర్తుగా చూసే కోలిఫార్మ్ బ్యాక్టీరియాను ఒకప్పుడు లాక్టోజ్‌ను పులియబెట్టి వాయువు వదిలే లక్షణంతో పట్టేవారు, రెండు రోజులు పట్టేది. ఇప్పుడు 100 మిల్లీలీటర్ల నీటిలో ఓఎన్‌పీజీ ఉన్న పొడి కలిపి 35 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచుతారు. పసుపు వస్తే కోలిఫార్మ్‌లున్నట్టు. అదే సీసాను అతినీలలోహిత దీపం కింద పెట్టినప్పుడు నీలంగా మెరిస్తే ఇ.కోలి ఉన్నట్టు, ఆ మెరుపు ఇంకో ఎంజైము పని. తాగునీటికి భారత ప్రమాణం 100 మిల్లీలీటర్లలో ఒక్క ఇ.కోలి కూడా కనబడకూడదంటుంది. ఊళ్లలో పంచే కిట్లలో నల్లగా మారే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు వేరు, అవి ఈ ఎంజైమును చూడవు. రెంటి ఫలితాలు ఎప్పుడైనా కలవకపోతే కంగారుపడనక్కర్లేదు. అవి అడిగే ప్రశ్నలే వేరు.

ఫ్లోరైడ్ వైపు కూడా ఈ ఎంజైము ఒకసారి కనబడింది. 2012లో యేల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ బ్రేకర్ బృందం బ్యాక్టీరియాలో ఫ్లోరైడ్‌ను పసిగట్టే ఆర్‌ఎన్‌ఏ స్విచ్చును బయటపెట్టింది. ఫ్లోరైడ్ బ్యాక్టీరియాకూ విషమే. దాన్ని బయటికి గెంటే ప్రోటీన్‌ను అవసరమైనప్పుడే తయారు చేసుకోవడానికి ఈ స్విచ్చు. ఆర్‌ఎన్‌ఏకూ ఫ్లోరైడ్‌కూ రెంటికీ రుణ విద్యుదావేశమే, ఒకదాన్నొకటి నెట్టేసుకోవాలి. మధ్యలో మూడు మెగ్నీషియం అయాన్లు నిలబడి ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతాయని తర్వాత తేలింది. బతికున్న కణంలో ఈ స్విచ్చు నిజంగా తెరుచుకుంటుందని రుజువు చేయడానికి ఆ బృందం దాని వెనక పెట్టిన రిపోర్టర్ మన లాక్-జెడ్డే. ఫ్లోరైడ్ పెరిగిన కొద్దీ బీటా గాల్ పెరిగింది.

అదే జాతి స్విచ్చుతో 2020లో జూలియస్ లక్స్ బృందం ఎండబెట్టిన కణసారాన్ని చిన్న గొట్టంలో పెట్టి, కోస్టారికాలో నీళ్లు పోసి పరీక్షించింది. అందులో పసుపు రంగు ఇచ్చే వేరే ఎంజైమును వాడారు. నీళ్లు పోసి కాసేపు ఉంచితే చాలు, కరెంటూ ప్రయోగశాలా అక్కర్లేదు. మునుగోడుకు ఇది వెంటనే తెచ్చుకోవాల్సిన వస్తువులా అనిపిస్తుంది. కానీ అది గుర్తించిన స్థాయి లీటరుకు 2 మిల్లీగ్రాములు, అమెరికా పెట్టుకున్న హద్దుల్లో కఠినమైనది. మన ప్రమాణం 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనప్పుడు 1.5. ఒక బోరులో 1.7 ఉందనుకుంటే ఆ గొట్టం రంగు మారకుండా ఊరుకోవచ్చు. ఊరి కిట్‌లోని జిర్కోనియం రంగు మాత్రం గులాబీ నుంచి పసుపు వైపు జరిగి, చార్టులో రెండో మూడో గడి దగ్గర ఆగుతుంది.